కొలత జాకెట్టు పెట్టి కుట్టిన ఈత డ్రెస్సు

కెంచార్లహళ్ళి దగ్గర మా నాయన బావిలో ఈత నేర్చుకున్నదాన్ని నేను. పావడా గోచీ పెట్టి గట్టు మీంచి దూకితే అడుగు మట్టి చేతికి తగిలేది. పెళ్ళయి చింతామణి వచ్చాక నీళ్ళంటే బకెట్లోవే. చిక్కబళ్ళాపురంలో స్విమ్మింగ్ పూల్ తెరిచారని, వారానికొక పూట ఆడవాళ్ళకేనని విన్నప్పట్నించీ మనసు ఇంట్లో నిలవలేదు. కానీ చుడీదార్లూ నైటీలూ కుదరవట. ఈత డ్రెస్సు ఉంటేనే రానిస్తారట.

అంగట్లో దొరికేవి చూస్తే నాకే సిగ్గేసింది. ఫోన్లో మాత్రం పాతకాలపుది ఒకటి కనిపించింది. వెడల్పాటి భుజం పట్టీలు, తొడల దాకా కుచ్చిళ్ళు, నీలం మీద తెల్ల చుక్కలు. దీన్ని చూస్తే మా అత్త కూడా ఏమీ అనదనుకున్నాను. అనుకున్నానే గానీ ఆమెతో చెప్పే ధైర్యం యాడిది? వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టేది నేనే, మిషను మీద ఏ గుడ్డ ఉందని ఎవరూ అడగరు.

మా వైపు టేపుతో ఒళ్ళు కొలవం. బాగా అమరిన పాత జాకెట్టు తెచ్చిస్తే, దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరిస్తాం. నేనూ నా కొలత జాకెట్టే పరుచుకున్నాను. గుడ్డా జాకెట్టు గుడ్డే, లోపల లైనింగు కూడా వేశాను. బొమ్మలో ముందు భాగం నున్నగా ఉందని హుక్కులు పెట్టలేదు. జాకెట్టు అంత బిగుతుగా పట్టినా విప్పుకోగలిగేది ఆ హుక్కుల పుణ్యానేనని నా మట్టిబుర్రకు తట్టలేదు.

మధ్యాహ్నం గది గడియ వేసుకుని, కాళ్ళ మీంచి లాగి లాగి తొడిగాను. కుట్లు పటపటమన్నా లెక్కచేయలేదు. అద్దంలో చూసుకున్నాను. బాగున్నాను, అబద్ధమెందుకు. విప్పబోతే రాలేదు. చెమటకు తడిసి గుడ్డ ఇంకా పట్టేసింది, కుడి చెయ్యి పట్టీలో ఇరుక్కుంది. అంత పెద్ద కత్తెర ఎడమ చేత్తో ఒంటి మీద పెట్టాలంటే భయం. ఊపిరి సగమే ఆడుతోంది. కుడితిలో పడ్డ ఎలుక పనయింది నాది.

అత్త తలుపు తట్టింది. "ఈ యాళప్పుడు గడియేసుకొని ఏం చేస్తాండావమ్మా?"

"ఏం లేదత్తా."

"ఏం లేకుంటే ఆ మూలుగేమి?"

దారి లేక గడియ తీశాను. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నాకు ఏడుపొచ్చింది. "ఈతకు పోదామనుకున్నా" అన్నాను.

ఆమె తాళికి తగిలించుకున్న పిన్నీసుల్లో ఒకటి తీసి, చంక కింద నుంచి నడుము దాకా ఒక్కొక్క కుట్టే ఊడదీసింది. గుడ్డ చిరగలేదు, ఒంటి మీద గీత పడలేదు. చీర తెచ్చి నా భుజాల మీద కప్పింది.

"యాడా చెప్పనులే తల్లీ" అంది నా తల నిమురుతూ. "నీ మొగుడికి గూడా చెప్పను. ఇంతటితో మర్చిపో."

మాట మీదే ఉంది. ఇప్పటి దాకా ఒక్క దెప్పుడు మాట లేదు. ఆడవాళ్ళ పూట వచ్చినప్పుడల్లా నేను మిషను దగ్గర కూర్చుని ఎవరి జాకెట్లకో హుక్కులు కుడుతుంటాను. ఆ కుట్టులో తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. ఆ రోజు ఆమె తిట్టి ఉంటే, పంతానికైనా ఇంకొకటి కుట్టి ఉండేదాన్ని.