గంజి తాగిన దారం

మా ఇంట్లో నూలును మనిషిలాగే చూసేవాళ్లు. పడుగుకు, అంటే బట్టలో నిలువు దారానికి, గంజి పెట్టకపోతే దాన్ని ఆకలితో పనికి పంపినట్టే. పొద్దున్నే వీధిలో పడుగు చాచి, కుంచెతో గంజి పట్టించి, ఎండకు ఆరాకే మగ్గం ఎక్కించాలి. గంజి తాగిన దారం తెగదు. మెట్‌పల్లిలో మా మగ్గాల ఇళ్లలో ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు, అందరికీ తెలుసు. ఆ తెలిసిన సంగతే మా కుట్టుమిషన్‌ను ఇల్లు దాటించబోయింది.

అది 1957, శ్రావణ మాసం. కొత్త పైసలు వచ్చిన ఏడాదే కనుక సంవత్సరం విషయంలో నాకు అనుమానం లేదు.

మిషన్ మా మామగారిది. బొంబాయి మిల్లులో పని మానుకుని వస్తూ, పాత సామాన్ల బజారులో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారట. నేను కాపురానికి వచ్చేనాటికి ఆయన లేరు, మిషన్ ఉంది. చేత్తో తిప్పేది. నల్లటి ఒంటి మీద బంగారు తీగల బొమ్మలు సగం చెరిగిపోయాయి. ఇప్పటి మిషన్లలో కింది దారం గుండ్రటి డబ్బీలో ఉంటుంది. దానిలో మాత్రం వేలంత పొడవున్న ఇనుప నాడె ఉండేది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెకు పిల్ల అనుకోండి. కింది దారం చుట్టిన సన్నటి కండె అందులో కూర్చునేది. అందుకే మా అత్తకు ఆ మిషన్ ఎన్నడూ పరాయిదిగా తోచలేదు. "ఇది గూడ మగ్గమే. జర చిన్నగ పుట్టింది" అనేది.

దాని మీద నేను బొంతలు కుట్టేదాన్ని. పాత చీరలు, ధోవతులు నాలుగు వరసలు పరిచి, జరగకుండా చేత్తో టాకాలు వేసి, జానెడు ఎడంతో నిలువునా కుట్లు. ఇంట్లో మిగతా నా పనంతా మగ్గానికే పోయేది. కండెలు చుట్టినా, గంజి కాచినా అది మా ఆయన నేసిన బట్టలో కలిసిపోయేది. బొంత ఒక్కటే నా పనిగా విడిగా కనిపించేది. అంగుళానికి ఎనిమిది కుట్లు పడాలి. ఏడు పడితే విప్పేసేదాన్ని. అత్త నవ్వేది గానీ ఆపేది కాదు.

ఆ ఎండాకాలం ఎలుకలు ఒక పడుగును పక్కనుంచి కొరికేశాయి. నేతకు పనికిరాలేదు గానీ, గజాలకు గజాలు మంచి దారం. గంజి తాగి ఆరిన దారం. పారేయడానికి అత్తకు మనసొప్పలేదు. రెండేసి పోగులు కలిపి రాట్నం మీద పురి పెట్టి, "కింది దారానికి గిదే వాడు, రీలుకన్న గట్టిది" అని ఇచ్చింది. గట్టిదే. ఎండలు ఉన్నన్నాళ్లు మిషన్ చక్కగా నడిచింది.

వానలు పడ్డాక మొదలైంది. నాలుగు వేళ్ల మేర బాగా కుట్టి, ఆ తర్వాత కింది దారం పైకి వచ్చి ఉండలు కట్టేది. లేదంటే పుటుక్కున తెగేది. తెగిన దారాన్ని చూసి మగ్గాల ఇంటి మనిషి ఏం చేస్తుంది? అత్త దానికి ఇంకోసారి గంజి పెట్టింది. "పాపం, వానకు మెత్తబడ్డది" అంది. నేను నూనె ఇంకాస్త ఎక్కువ వేశాను. రోగం ముదిరింది.

ఊళ్లో సైకిళ్లూ మిషన్లూ బాగుచేసే అతన్ని పిలిపించాం. సూది మార్చాడు, పై మర బిగించాడు, వదులు చేశాడు. ఒక పూట నడిచి మళ్లీ మొరాయించింది.

"లోపల అరిగినట్టుంది చెల్లే. ముసలిదైంది" అన్నాడు, పాపం నిజాయితీగానే.

లక్సెట్టిపేట దర్జీ ఒకతను ఆ మిషన్‌ను ఎప్పటినుంచో అడుగుతున్నాడు. అత్త అతనికి కబురు పంపింది. గోదావరి నిండుగా పారుతోంది, పడవలు ఆగిపోయాయి. నది దిగగానే వస్తానని అతని జవాబు.

"జర ఆగరాదూ, అత్తా" అన్నాను.

"ఆగి ఏం జెయ్యాలె? మీ మామ ఒళ్లె పెట్టుకొని తెచ్చిండు దాన్ని. నా కండ్ల ముందట కుంటుతుంటె సూడలేను. నడిపిచ్చుకునేటోని ఇంటికన్న పోనియ్యి."

అత్త మగ్గం చప్పుడు ఆగితే మెలకువ వచ్చే మనిషి. మిషన్ మూలపడ్డప్పటి నుంచి ఆమెకు మధ్యాహ్నం కునుకు లేదు. అమ్మాలన్నది డబ్బు మీద ఆశతో కాదని నాకు తెలుసు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. రోజూ గోదావరి దిక్కు నుంచి వచ్చేవాళ్లను నీళ్లెంత ఉన్నాయని మాత్రం అడిగేదాన్ని.

లెక్క తప్పినప్పుడు రెండు అంకెలు ఒకేసారి మార్చకూడదు. ఏ అంకె తప్పో తెలియకుండా పోతుంది. మిషన్‌తో మేం చేసింది అదే. ఈసారి ఒక్కొక్కటే చూద్దామని కూర్చున్నాను.

ముందు దారం లేకుండా కాగితం మీద ఉత్త సూది నడిపాను. చిల్లులు ఎంచాను. అంగుళానికి ఎనిమిది, అంతటా ఒకే ఎడం. అరిగిన మిషన్ అలా నడవదు. పై దారం లాగి చూశాను, సాఫీగా వచ్చింది. ఇక నాడె ఒక్కటే మిగిలింది. దాని దారం లాగితే ఒకసారి జారిపోతుంది, ఒకసారి పట్టేస్తుంది. దారాన్ని అదిమి ఉంచడానికి నాడె పక్కన పల్చటి ఉక్కు రేకు ఉంటుంది. తెల్లగుడ్డ పరిచి, కత్తి కొసతో దాని మర విప్పాను. నువ్వుగింజంత మర అది.

రేకు కింద బూడిదరంగు ముద్ద. వాసన చూశాను. పులిసింది. ఆ వాసన మా ఇంట్లో ఎవరికైనా తెలుసు.

"అత్తా, ఇటు రా. గిదేందో జెప్పు."

అత్త వేలికి రాసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "గంజే! గిండ్లకెట్ల వొయింది?"

"మనమే పోసినం. దారానికున్న గంజి వాన తేమకు మెత్తవడి రాలుతది, నేను పోసిన నూనెల కలుస్తది. ముద్దై రేకును లేపుతది."

గాసునూనెలో కోడి ఈక ముంచి, గాడి అంతా కడిగి, గుడ్డతో తుడిచాను. కండెకు గంజి ముట్టని పేక నూలు, బట్టలో అడ్డంగా పోయేది, తీసి, రెండు పోగులు పురి పెట్టాను. అత్త ఒప్పుకోలేదు.

"పచ్చి పోగా? తెగకుంటె నన్నడుగు."

"మగ్గం మీద దువ్వెన పండ్లు గీకుతయి గన్క గంజి. గీ నాడెల గీకేది ఏముందత్తా?"

తిప్పాను. జానెడు, మూరెడు, బొంత ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. అత్త బొంత తిరగేసి, కుట్టు వెంట బొటనవేలి గోరు జరుపుకుంటూ పోయింది. ఎక్కడా తట్టుకోలేదు. అప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

"మగ్గానికి బువ్వ, దీనికి అజీర్తి! ఎంత మేపినమే పాపం!"

గోదావరి దిగింది. దర్జీ చంకలో గొడుగు, చేతిలో గోనెసంచి, తాడుతో వచ్చాడు. మిషన్ ముందు కూర్చుని పిడి తిప్పాడు, ఆగాడు, మళ్లీ తిప్పాడు.

"ఖరాబైందంటిరి గదా అవ్వా?"

"ఖరాబు గాలే. మేమే ఎక్కువ మేపినం."

"ఏం మేపిండ్రు?"

"గంజి."

అతను మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "ఇంతకు అమ్ముతరా, అమ్మరా?"

"అమ్మం. గోదారి దాటొచ్చినవు, ఉత్త కడుపుతోని పంపం. బువ్వ తిని పో బిడ్డా."

"గంజైతె నాకొద్దు తల్లీ" అని అతను తాడు చుట్టేసి, కాళ్లు కడుక్కోవడానికి లేచాడు.

అతను వెళ్లాక బొంత ముందేసుకున్నాను. అత్త దాని రెండో కొస మీదే ఒరిగి కళ్లు మూసింది. లేపడం ఇష్టం లేక నా వైపు నుంచే కుట్టుకుంటూ పోయాను. కండె అయిపోయింది. పిడి ఆపాను.

"ఏమే, ఆపినవ్?" కళ్లు తెరవలేదు.

"కండె అయిపోయిందత్తా."

"గంజి లేనిదే పెట్టు" అని అటు తిరిగి పడుకుంది. నేను మళ్లీ తిప్పేలోపే గురక వినిపించింది.