కంకణం తొడిగిన రోజు సున్నా

మా ముత్తాత ఆస్థాన సిద్ధాంతి. ఆయన పెట్టిన ముహూర్తానికే కోటలో పెళ్ళిళ్ళు జరిగేవి. మా తాతకు జమీందారు స్వయంగా బంగారు కంకణం తొడిగారు. మా ఇంటి పంచాంగం శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా నడిచింది. నాన్నగారి కాలంలో ఆగిపోయింది. దాన్ని మళ్ళీ అచ్చులో చూడాలని నేను పట్టుబట్టాను.

లెక్కంతా కంప్యూటర్ భాష పైథాన్‌లో రాశాను. మా పెద్దల పద్ధతిలో దశాంశాలు లేకుండా, పూర్ణసంఖ్యల్లోనే. ఫలితం సరిగ్గానే వచ్చేది కాని, నిమిష నిమిషానికీ సూర్యచంద్రుల్ని గణిస్తూ నత్తలా నడిచేది. అరసవల్లిలో ప్రెస్సు నడిపే మా వేలువిడిచిన మేనత్త కొడుకు నవ్వేవాడు.

"ఏటి బావా, ఇది అయ్యేలోగా ఉగాది ఎలిపోతాది!"

బరువైన భాగాన్ని మాత్రం సి భాషలో రాసి, యంత్రభాషలోకి కంపైల్ చేసి, పైథాన్‌ చేతికి అందించవచ్చని అప్పుడు చదివాను. ముందు రెండు అంకెలు కూడే చిన్న ఫంక్షన్ రాశాను. కంపైలర్ తిట్టింది. దిద్దాను. మళ్ళీ తిట్టింది. చివరికి పైథాన్ నుంచి రెండూ మూడూ ఇచ్చి పిలిస్తే నా సి పలికింది: ఐదు! కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. తర్వాత తిథుల లెక్క మొత్తం అందులోకి మార్చాను. టీ కాగేంత సేపు పట్టే పని రెప్పపాటులో అయిపోయింది.

బావను పిలిచి చూపించాను.

"మీ ముత్తాత పోయిన తిథి సెప్పించు. తప్పితే అచ్చెయ్యను."

ఏటా ఏకాదశినాడే ఆయన ఆబ్దికం పెడతాం. ఆయన పోయిన తేదీ ఇస్తే తెరమీద ద్వాదశి అని వచ్చింది.

"ఒకరోజు ఆయుష్షు పోసీసినావు కదరా ముసిలాయనకి!"

"నవ్వకు. కూర్చో."

పాత పైథాన్ లెక్కతో పోల్చి చూశాను. తాత కంకణం తొడిగించుకున్న రోజు తర్వాతి తిథులన్నీ కలిశాయి. ముందువే ఒకటి ఎక్కువ వస్తున్నాయి. కారణం నేనే. రోజుల లెక్క మొదలుపెట్టడానికి లోకమంతా వాడే తేదీ మాకెందుకని, ఆ కంకణం రోజునే సున్నాగా పెట్టుకున్నాను. ముత్తాత అంతకుముందే పోయారు కనుక ఆయన రోజు మైనస్‌లో పడింది. మైనస్ సంఖ్యను భాగించి శేషం మిగిలితే పైథాన్ కింది సంఖ్యకు దిగుతుంది, సి సున్నా వైపు జరుగుతుంది. ఆ ఒక్క మెట్టే తేడా.

"ఆ సున్నా మార్సీ, గొడవుండదు," అన్నాడు బావ.

మార్చలేదు. భాగహారం సరిచేసి మళ్ళీ కంపైల్ చేశాను.

ఏకాదశి!

బావ నా వీపు చరిచాడు. "అచ్చేస్తాను బావా! అట్టమీద ఆ కంకణం ఫొటో ఏద్దాం. ఓపాలి తెచ్చీ."

ఆ కంకణాన్ని నాన్నగారు ఎప్పుడో అమ్మేశారు.