కొలత రాయని మెట్టు

ఈ ఉదయం రాజమండ్రి పెద్ద వీధిలో నడుస్తుంటే పాత సున్నం పొడి ముక్కుకు తగిలింది. తలెత్తి చూస్తే బ్యాంకు ముందున్న అరుగును గడ్డపలుగులతో పొడుస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది. కూలీజనం దాని మీద కూర్చోవడం బ్యాంకు మర్యాదకు తక్కువట. వీళ్ళ మర్యాద మండిపోను, ఆ అరుగు కట్టిన వీరన్న మేస్త్రీ ఎవరో వీళ్ళలో ఒక్కడికైనా తెలుసా?

ముప్పై ఏళ్ళ కిందట ఆ భవనం కట్టేటప్పుడు నేను ఇంజనీరు దొర దగ్గర ప్లాన్లు గీసేవాణ్ణి. మేస్త్రీది ధవళేశ్వరం. ఆయన తండ్రి ఆనకట్టకు రాళ్ళు మోసినవాడు. అందరూ రాతివని మురిసిపోయే బ్యాంకు ముందరి ఆరు స్తంభాలూ నిజానికి ఇటుకవే. సన్నటి సున్నం పూసి, గులకరాయితో రోజుల తరబడి రుద్ది వాటికి ఆ నునుపు తెచ్చింది ఆయనే. గోడ ఆరిందో లేదో చెంప ఆనించి చెప్పేవాడు. నాకూ నేర్పాడు.

"కాగితం మీద గోడే చూస్తున్నారండి. దాని ముందు నిలబడేవాణ్ణి కూడా చూడండి" అన్నాడొకసారి. చదువులేనివాడు నాకు చెప్పడమేమిటని అప్పుడు చిరాకుపడ్డాను.

నిలబడేవాళ్ళెవరో ఆయనకు తెలుసు. గోదావరి లంకల నుంచి పడవల్లో వచ్చి, తలుపులు తీసేదాకా ఎండలో మాడే రైతులు. వాళ్ళకోసం అరుగు కావాలని అడిగితే, ఇది బ్యాంకు, ఇల్లు కాదని దొర కసిరాడు. ప్లానులో ఒక్క మెట్టే ఉంది. ఆ మెట్టుకు కొలతలు రాయడం నేను మరిచిపోయాను. మేస్త్రీ ఆ ఖాళీ చూశాడు. నన్నేమీ అడగకుండా మోకాలెత్తున, మూడు మూరల వెడల్పున, భవనం పొడుగునా ఆ మెట్టు కట్టేశాడు. తలుపు ఎదుట మాత్రం ఎక్కడానికి వీలుగా తగ్గించాడు.

దొర చూసి మండిపడ్డాడు. ఈ కొలత ఎవరిచ్చారని అడిగాడు.

"కాగితంలో సరిగానే ఉందండి. నేనే తప్పు చదివాను" అన్నాడు మేస్త్రీ.

నేను నోట్లో బెల్లంగడ్డ ఉన్నవాడిలా నిలబడ్డాను. ఆయన్ని ఆ పూటే పనిలోంచి తీసేశారు. గట్టిపడిన సున్నాన్ని పగలగొట్టే తీరిక లేక అరుగు మిగిలింది. గుమ్మం పక్కన దొర పేరు రాతిలో చెక్కారు. మేస్త్రీకి మళ్ళీ దొరల పని దక్కలేదు. పట్టిసీమ వైపు ఊళ్ళలో గోడలకు వెల్ల వేసుకుంటూ పోయాడు. ఎంత సిగ్గుమాలినవాణ్ణంటే, ఒక్కసారి కూడా వెళ్ళి ఆయన ముందు నిలబడలేదు. ఏ ఇల్లు గీసినా, వచ్చినవాడు ఎక్కడ కూర్చుంటాడని ముందుగా అడగడం మాత్రం అప్పటినుంచీ మానలేదు.

ఈ ఉదయం, ఇంకా పగలని వైపుకు వెళ్ళి కూర్చున్నాను. లోపల్నించి గుమాస్తా వచ్చాడు.

"లేవండి, పని ఆగిపోతోంది. ప్లానులో ఒక్క మెట్టే ఉందండి. ఏ బుద్ధిలేని మేస్త్రీ కట్టాడో దీన్ని."

"ఆ ప్లాను మళ్ళీ చూడండి. మెట్టుకు కొలత ఉండదు. రాయనివాణ్ణి నేను. ఆయన తప్పు చదవలేదు" అన్నాను.

గుమాస్తాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. నేను లేవలేదు.