అమ్మ ఊపిరి కొలిచినవాళ్లు

అమ్మ ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పనిచేసేది. దేవనకొండ పక్కన మా పల్లెలో వానలు మొండికేసిన ఏడు నాన్నా అమ్మా నన్ను తీసుకుని ఈ ఊరికి వచ్చారు. నాన్న మార్కెట్ యార్డులో హమాలీ అయ్యాడు, అమ్మ మిల్లులో పత్తి ఎగదోసే పనికి కుదిరింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె కనుబొమ్మలు కూడా దూదితో తెల్లగా ఉండేవి. వారపు సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజు ఛాతీ బిగపట్టేది. మరుసటి రోజుకు కొంచెం తెరిపి. మిల్లులో అందరికీ అంతే కాబట్టి దాన్ని ఎవరూ జబ్బనుకోలేదు.

నేను ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరిన ఏడాది మిల్లు ఆవరణలో షామియానా వేశారు. రెండు జెండాలు పక్కపక్కన అచ్చేసిన బ్యానరు కట్టారు. మన దేశమూ ఇంకో దేశమూ కలిసి పత్తి పనివాళ్ల ఊపిరితిత్తులను ఏళ్ల తరబడి పరీక్షిస్తాయట. ఆ దేశం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమె మాట తెలుగులో చెప్పడానికి గోనెగండ్ల నర్సు ఒకామె ఉండేది. ముందు మనిషి ఎత్తు కొలిచి, తర్వాత నోట్లో గొట్టం పెట్టి గట్టిగా ఊదమనేవాళ్లు.

అమ్మ ఊదింది. ఊదుతున్నంతసేపూ షామియానా గుంజకు ఆనుకుని నిలబడ్డ మిల్లు మేస్త్రీనే చూసిందట.

"ఊరికే ఎవురొస్తారు పాపా?" అంది ఆ రోజు అన్నం తింటూ. "సముద్రాలు దాటొచ్చి మన ఊపిరి కొల్సుకొని పోతారా? ఎవురికి దమ్ము తగ్గిందో సూసి సావుకారికి సెప్తారు. ఆయప్ప పనిలోంచి తీసేస్తాడు. అంతే."

"వాళ్లు డాక్టర్లమ్మా, మంచికే వస్తారు" అన్నాను. అన్నానే గానీ, మేస్త్రీకి అక్కడేం పని అని నాకూ అనిపించింది.

మరుసటి ఏడాది షామియానా వేస్తున్నారని తెలియగానే అమ్మ ఎమ్మిగనూరుకు కబురు పెట్టింది. అక్కడ మా చిన్నమ్మ మగ్గం నేస్తుంది. అక్కచెల్లెళ్లిద్దరివీ ఒకే పోలికలు. చిన్నమ్మ పొద్దున్నే బస్సు దిగి, అమ్మ చీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని మిల్లుకు పోయింది. అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. చిన్నమ్మ నవ్వుకుంటూ తిరిగొచ్చి, "ఊదితే ఆ నర్సు అదిరిపోయింది అక్కా! శానా బాగుందనె" అని చెప్పింది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. డాక్టరమ్మా నర్సూ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లను సందు మొదట్లో చూడగానే అమ్మ వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. చిన్నమ్మ గడపలో నిలబడింది.

నర్సు ఆమెను ఎగాదిగా చూసి, "ఏమ్మా, పోయినేటికీ ఈయేటికీ నువ్వు ఇంత పొడుగెట్ల పెరిగినావు?" అని అడిగింది.

ఊపిరి సంగతి ఆలోచించారే గానీ, ఎత్తు సంగతి వాళ్లిద్దరికీ తట్టలేదు. చిన్నమ్మ నోరు తెరవకముందే లోపలి నుంచి దగ్గు వినిపించింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నట్టుంది గానీ ఆగలేదు. డాక్టరమ్మ అరుగు మీద కూర్చుంది. దగ్గు తగ్గేదాకా కదల్లేదు.

చివరికి అమ్మే బయటికొచ్చింది.

"అవును, నేను రాలేదు. ఏం జేస్తావు? సావుకారికి సెప్తావా?"

నర్సు అది డాక్టరమ్మకు చెప్పి, జవాబు విని ఇటు తిరిగింది. "ఎవురికీ సెప్పదంటక్కా. మీ పేర్లు మిల్లుకు ఇయ్యరంట."

"అట్లయితే మేస్త్రీ ఆడెందుకు నిలబడినాడు?"

నర్సు ఆ మాట చెప్పగానే డాక్టరమ్మ ముఖం మారింది. పరీక్షలు మిల్లు లోపల పెట్టడం తప్పేనని ఒప్పుకుంది. అమ్మ కాసేపు ఆమె కళ్లలోకి చూసి, "ఈడ అయితే ఊదుతా" అంది. మా అరుగు మీదే గొట్టం పట్టుకుంది. ఊపిరి సగంలోనే తెగిపోయింది. ఆమెకు పీల్చే మందు ఇచ్చారు. వాళ్లు పోయాక అమ్మ ఆ మందును తిప్పి తిప్పి చూసి, నన్ను ముందు వాసన చూడమంది.

మందు పనిచేసింది. కానీ పత్తి సీజను మొదలయ్యాక మిల్లు నుంచి అమ్మకు పిలుపు రాలేదు.

"సెప్పినా గదా" అంది అమ్మ.

నేను కోపం పట్టలేక మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన బీడీ ఆర్పి, "మీయమ్మ దగ్గు గేటు దాకా ఇనబడతాది పాపా. ఒకరొచ్చి సెప్పాల్నా?" అన్నాడు. నా ముఖంలోకి చూడకుండానే అన్నాడు. అది నిజమో, ఎవరినో కాపాడే మాటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ఏడు పనికి రావద్దన్న ఇంకో ఇద్దరు ఆడవాళ్లకూ దగ్గుంది. ఆ ఇద్దరూ షామియానాలో ఊదినవాళ్లే.

తర్వాత ఏడాది పరీక్షలు మిల్లులో కాదు, మా వీధి చివర అంగన్‌వాడీలో పెట్టారు. అమ్మ అప్పటికి ఇంటి దగ్గర పూలు కట్టి అమ్ముతోంది. పోనంది, పోనంది, చివరికి పోయింది. "సావుకారికి నువ్వే సెప్పినావా?" అని డాక్టరమ్మను అందరి ముందూ అడిగింది. ఆమె లేదంది. అమ్మ తలాడించి ఊదింది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అంతే. అదే ప్రశ్న, అదే జవాబు, తర్వాత గొట్టం.

ఈ ఏడు ఆ డాక్టరమ్మ రాలేదు. రెండు దేశాల పని కొనసాగుతుందనీ, ఆమె మాత్రం రిటైరయిందనీ నర్సు చెప్పింది. ఆమె స్థానంలో వచ్చిన కుర్ర డాక్టరు నమస్కారం పెట్టి గొట్టం అందించాడు. అమ్మ తీసుకోలేదు.

"ఈ పిల్లోడెవురో నాకు తెల్దు. ఆయమ్మను రమ్మను" అంది.

"ఆమె రాదక్కా. ఈయప్ప కూడా ఆ దేశపాయప్పే."

"దేశాన్ని జూసి నేనెప్పుడు ఊదితి?" అని అమ్మ కుర్చీలోంచి లేచి ఇంటికి వచ్చేసింది.

ఆ కుర్ర డాక్టరు మరునాడు నర్సును వెంటబెట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చాడు. అమ్మ పూలు కట్టడం ఆపలేదు. అతను కింద కూర్చున్నాడు. చాలాసేపటికి అమ్మ తలెత్తకుండానే, "యా ఊరప్పా మీది? ఎవురు పంపితే వచ్చినావు?" అని అడగడం మొదలుపెట్టింది.