అంతర్వేది ఇసుకలో అల్యూమినియం లింకులు

రాజమండ్రిలో ఉదయం ఆరున్నరకి నరసాపురం ప్యాసింజర్ ఎక్కాను. గోనెసంచిలో నాలుగు అల్యూమినియం లింకులున్నాయి. నేను పాఠాలు చెప్పే పాలిటెక్నిక్‌లో, లావుపాటి కడ్డీలను లేత్ మీద స్వయంగా కోసి, చివర్లకి బోల్టు మరలు చెక్కి చేసినవి. బండి బరువు మోసేది చేయడం నాకిదే మొదలు.

అవి లక్ష్మిగారి ట్రక్కు కోసం. అంతర్వేది దగ్గర పల్లెలో ఆవిడ చేపల వ్యాపారం చేస్తారు. కూతురు నా విద్యార్థిని. పాత పికప్‌కి వెనక కమాను పట్టీలు తీయించి, కాయిల్ స్ప్రింగులు వేయించి, ఇసుకలో పడవల దాకా వెళ్ళేలా మార్పించుకున్నారు. ఇరుసు పక్కకి జరక్కుండా ఛాసిస్‌కి పట్టి ఉంచేవి ఈ లింకులే. పోయిన నెల ఇసుకలో పూడిన తాటిమొద్దు తగిలి ఇనప గొట్టం లింకొకటి వంగింది. బండి కదల్లేదు. పోటు వచ్చి నీళ్ళు సీటు దాకా చేరాక పదిమంది తాళ్ళేసి లాగారట.

తణుకులో ఇడ్లీ పొట్లం కొన్నాను. ఎదుటి సీట్లో లేసు అల్లుకుంటున్న ఆవిడ నా సంచి జరపబోయి ఆగిపోయింది. “ఇంత లావుండి ఇంత తేలికేంటండీ?” అంది. నాకు గర్వమేసింది.

పదిన్నరకి నరసాపురం రేవులో టిక్కెట్టు తీసుకుని గోదావరి దాటించే పంటు ఎక్కాను. అవతలి ఒడ్డున సఖినేటిపల్లిలో లక్ష్మిగారి తమ్ముడు చిన్నారావు మోటారు సైకిలుతో ఉన్నాడు. సంచిలోకి చూసి, “అన్నం వండుకునే లోహంతో బండేంటండి?” అన్నాడు. గిన్నెల రకం వేరు, ఇది వేరు అని దారంతా చెప్పాను. ఇనప గొట్టం వంగితే వంగినట్టే ఉంటుంది, ఈ కడ్డీ కాస్త వంగినా మళ్ళీ తిన్నగా అవుతుంది అన్నాను.

లక్ష్మిగారి ఇంటి దగ్గర లింకులు బిగించడానికి రెండు గంటలు పట్టింది. ఉప్పుగాలికి ఇనప బోల్టు తగిలినచోట అల్యూమినియం తినేసుకుపోతుంది కాబట్టి మధ్యన నైలాన్ వాషర్లు వేసి గ్రీజు పూశాం. ఎవరైనా చేయించుకుంటే ఈ పని మరవకండి. తర్వాత పండుగప్ప పులుసుతో భోజనం.

మూడింటికి వెనక చేపల ట్రేలు నింపారు. లక్ష్మిగారు స్టీరింగు పట్టుకుని నావైపు చూశారు.

“ఆ మొద్దు మీదకే పోనిస్తానండి. వంగేవైతే పోటు రాకముందే తెలియాలి. మీరూ కూర్చుంటారా?”

ఎక్కి కూర్చున్నాను. చక్రాలు ఇసుకని చిమ్ముకుంటూ వెళ్ళి మొద్దునెక్కాయి. కింద ధడేల్‌మంది. బండి ఒక పక్కకి ఒరిగి, నిలదొక్కుకుని, తిన్నగా ముందుకు పోయింది.

చిన్నారావు బండి కిందికి దూరి లింకు పొడుగునా స్కేలు ఆనించి చూశాడు. ఎక్కడా సందు లేదు. వేలెడు గీత పడిందంతే. ఇసుక దులుపుకుంటూ లేచి, “ముందువైపుక్కూడా చేస్తారాండీ?” అనడిగాడు. లక్ష్మిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లేదు.

చిన్నారావు దింపితే అయిదున్నరకి రాజోలులో రాజమండ్రి బస్సు దొరికింది, కిటికీ పక్క సీటు కూడా. రావులపాలెం దాకా మనసు కుదురుగా లేదు. ముందు లింకుల కొలతలు టిక్కెట్టు వెనక రాసుకుంటూనే ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా నేను చేసినవీ చేయించినవీ అన్నీ కొలిచి, మార్కులేసి, అల్మారాలో పెట్టినవే. ఇవాళ నా చేతి పని సముద్రం ఒడ్డున చేపలు మోసింది.