మూడో వరుసలో డల్సీ ఆంటీ

డల్సీ ఓక్‌ఫోర్డ్‌కు రాని పని లేదు. అడ్డం తిరిగిన గొర్రెపిల్లను చేత్తో సర్ది బయటికి తీయగలదు, ఊళ్ళో ఏ పొయ్యి పొగ లేచినా వాసన బట్టి ఎవరిదో చెప్పగలదు, పాస్టరు గారి ప్రసంగం సాగినంతసేపూ కళ్ళు తెరిచి నిద్రపోగలదు. నాటకం చూస్తూ నోరు మూసుకోవడం ఒక్కటే ఆవిడకు చేతకాదు.

అందుకే ఆ ఆదివారం మధ్యాహ్నం, ట్రక్కు వెనక సోఫా కట్టుకుని బ్రాంబుల్ క్రీక్ ఊరి హాలుకు నాటక పోటీకి పోతున్న నెవిల్ స్టబ్స్‌కు ఉల్లి పొలాల మలుపు తిరగ్గానే గుండె జారిపోయింది. ఎదురుగా రోడ్డు మీద, రబ్బరు బూట్లు వేసుకుని, గుడ్డ కప్పిన పళ్ళెం రెండు చేతులా పట్టుకుని డల్సీ నడుస్తోంది. కాస్త వెనగ్గా ఆవిడ పాత కారు పెట్రోలు అయిపోయి గట్టు వారన అలిగి కూర్చుంది.

చూడనట్టు పోదామా అని ఒక్క క్షణం అనిపించింది నెవిల్‌కు. కానీ టాస్మేనియా పల్లెదారుల్లో మనిషి కనబడితే బండి ఆపకుండా పోయినవాణ్ణి ఊరు మూడు తరాలు గుర్తుపెట్టుకుంటుంది. పైగా ఆవిడ అప్పటికే సోఫాను గుర్తుపట్టేసింది.

"మళ్ళీ సోఫాయేనా!" అంది కిటికీలో తల పెట్టి. "అయితే ఈసారీ ఎవరో మొగుడూ పెళ్ళాలు విడిపోతున్నారన్నమాట."

ఆ మాటలో అబద్ధం లేదు. లోకంలో కాపురాలు వంటింట్లో చెడతాయి, పడకగదిలో చెడతాయి, చుట్టాల పెళ్ళిళ్ళలో చెడతాయి. ఏకాంకికల్లో మాత్రం సోఫా మీదే చెడతాయి. రాజులూ యుద్ధాలూ ఉన్న పెద్ద నాటకానికి సింహాసనం కావాలి, కిరీటాలు కావాలి, కత్తులు పట్టుకుని ఊరికే నిలబడే జనం కావాలి. ఇద్దరు మనుషుల గుండెకోతకు ఒక సోఫా చాలు. అరగంటలో పాతికేళ్ళ కాపురాన్ని విప్పి, ఆరబెట్టి, మడతపెట్టి వెళ్ళిపోవచ్చు. అందుకే ఏ దేశంలో చూసినా బీద నాటక సమాజాలకు అనుబంధాల కథలంటే అంత ప్రేమ. బ్రాంబుల్ క్రీక్ సమాజం ఆ ఒక్క సోఫా మీద ఇప్పటికి ఎన్ని కాపురాలు కూల్చిందో లెక్కలేదు. దాని స్ప్రింగులు కుంగింది మనుషుల బరువుకు కాదు, ఆ దుఃఖానికేనని డల్సీ అభిప్రాయం.

ముందు సీట్లో నెవిల్ కుక్క కూర్చుని ఉంది. అది పక్కకు జరగలేదు. డల్సీయే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పళ్ళెం దాని మూతికి అందకుండా పైకెత్తి పట్టుకుంది.

"మొగుడెవరు?" అంది బండి కదలగానే.

"నేనే ఆంటీ."

"పెళ్ళాం?"

"గ్లెనిస్. మందుల షాపు గ్లెనిస్. నాటకం రాసింది కూడా తనే."

"పాపం, రెండేళ్ళ కిందట కూడా ఆ పిల్లను మొగుడు వదిలేసి పోయాడు."

"అది నాటకం ఆంటీ!"

"ఏదైతేనేం, ఏడుపు ఏడుపే. మర్నాడు మందుల షాపుకెళ్ళి, వచ్చాడా అమ్మా అని అడిగాను. దగ్గు మందు బదులు కాళ్ళనొప్పుల మందిచ్చింది. మనసు బాగోలేదనుకున్నాను."

నెవిల్ పళ్ళు బిగించి బండి నడిపాడు. ఆవిడ అడిగిందనే గ్లెనిస్ తికమకపడింది. ఆవిడ అరిచిందనే ఊళ్ళో నటులు తికమకపడ్డారు. ఇది బ్రాంబుల్ క్రీక్‌లో పసిపిల్లలకు కూడా తెలిసిన చరిత్ర.

ఉదాహరణకు మాంసం కొట్టు రాన్. ఆరడుగుల మనిషి. పరాయి ఆడదాని మోజులో పడి, బుద్ధొచ్చి ఇంటికి తిరిగొచ్చిన మొగుడి వేషం వేశాడు. తలుపు తీసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, భార్య ముఖం చూశాడు. అంతలో మూడో వరుసలోంచి డల్సీ లేచింది. "గుమ్మంలో కొయ్యలా నిలబడతావేంటయ్యా! ముందు ఆ రెండోదాని పేరు చెప్పి ఏడువు!" హాలు గొల్లుమంది. రాన్ ఎర్రబడి, తడబడి, ఆ పేరేదో చెప్పి, ఎలాగో నాటకం గట్టెక్కించాడు. "ఆవిడ అరిచింది, నాకు మాట పోయింది" అని ఏడాది పొడుగునా మాంసంతో పాటు ఆ ముక్క కూడా కొట్టి ఇచ్చాడు, కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ.

ఆ తర్వాత పాస్టరు గారు. లేచిపోయి తిరిగొచ్చిన కూతుర్ని క్షమించలేని తండ్రి వేషం. కూతురు వానలో తడిసి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయన ఆకాశం వంక చూశాడు. "పాస్టరు గారూ! పిల్ల వణుకుతోంది, శపించేదేదో తువ్వాలిచ్చి శపించండి!" అంది డల్సీ. ఆయనా తడబడ్డాడు. ఆయనా అదే చెప్పాడు, కాకపోతే దేవుడి భాషలో చెప్పాడు.

ఇక కిందటేడు సాక్షాత్తు నెవిలే. పడవ దగ్గర చెడ్డ అన్నదమ్ముల నాటకం. తమ్ముడు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. "నెవ్! పడవేం చేశావో వాడికి చెప్పు!" అని మూడో వరుస గర్జించింది. ఇప్పటికీ నెవిల్ బార్‌లో అడుగుపెడితే చాలు, గ్లాసులెత్తి "పడవేం చేశావు నెవ్?" అంటారు జనం. బంగాళదుంపలు తవ్వుకునేవాడు, నలుగురిలో నోరు తెరవడానికే నలభై ఏళ్ళు సిగ్గుపడ్డవాడు, ఒక్కసారి వేషం కడితే దక్కిన బిరుదు అది. ఈసారి నాటకం చివరిదాకా నవ్వులపాలు కాకుండా ఆడితే చాలు. లేకపోతే ఇక జన్మలో రంగు పూసుకోనని భార్యకు చెప్పి మరీ బయల్దేరాడు.

ఆవిణ్ణి రావద్దనడానికి సమాజానికి నోరు రాలేదు. హాలు అందరిదీ. పైగా విరామంలో టీకి ఎవరి పళ్ళెం వాళ్ళు తేవడం అక్కడి మర్యాద. డల్సీ గుడ్డు సాండ్‌విచ్‌లు లేని టీ వేడినీళ్ళతో సమానం.

"ఆంటీ," అన్నాడు నెవిల్, హాలు పైకప్పు కనబడుతుండగా. "నాకో మాటివ్వాలి. నేను స్టేజీ మీద ఉన్నంతసేపూ మీరు నోరు విప్పకూడదు."

డల్సీ కుక్క చెవి నిమిరింది. "దగ్గొస్తే?"

"మింగండి."

"నువ్వు అబద్ధమాడితే?"

"ఆడనివ్వండి. అది నాటకం."

"ఆ పిల్ల ఏడుస్తుంటే?"

"ఏడవనివ్వండి! దానికోసమే రాసుకుంది!"

"అదేం చూడ్డమయ్యా," అంది డల్సీ నిజంగా అర్థంకాక. "పక్కింట్లో కొంప కాలుతుంటే మంట బాగుందని కూర్చోవడమా?"

"ఆంటీ. బతిమాలుకుంటున్నాను."

ఆవిడ అతని వంక చూసింది. ఈ రెండు వారాల్లో నెవిల్ ఎంత చిక్కిపోయాడో అప్పుడే గమనించినట్టుంది. "సరే. ప్రభువు మీద ఒట్టు. నోరు విప్పను," అంది. తర్వాత హాలు చేరేదాకా కుక్కతో కూడా మాట్లాడలేదు.

పోటీకి న్యాయనిర్ణేత రాజధాని హోబార్ట్ నుంచి వచ్చాడు. లీల్ గారని, మెడకు రెండు చుట్లు తిరిగిన మఫ్లరు, ముక్కు కొసన కళ్ళద్దాలు. తెర వెనక నుంచి మాట అందిస్తే మార్కులు కోస్తానని ముందే ప్రకటించాడు. దాంతో బ్రాంబుల్ క్రీక్ సమాజం అసలు ప్రాంప్టరునే మానేసింది.

గ్లెనిస్ నాటకం పేరు "సగం సగం". విడిపోతున్న దంపతులు ఇంట్లో సామాను పంచుకుంటారు. నీకు కెటిల్, నాకు గోడ గడియారం. మొదట్లో జనం బాగా నవ్వారు. ఒక కప్పు జారి పగిలింది. అంత చిన్నదానికి భార్య వెక్కి వెక్కి ఏడిస్తే, మొగుడు "షెడ్డులో పనుంది" అని బయటికి నడిచాడు. అక్కడి నుంచి నవ్వు తగ్గింది. హాల్లో చాలామంది మగవాళ్ళకు ఇంటి వెనక షెడ్లున్నాయి.

నెవిల్ బాగానే చేశాడు. చేస్తున్నానని తెలిసి ఇంకా బాగా చేశాడు. చివరికి అసలు ఘట్టం వచ్చింది. గ్లెనిస్ సోఫా అంచున కూర్చుని, తలెత్తకుండా అడిగింది.

"మా నాన్న పోయిన రోజు నువ్వెందుకు రాలేదు?"

"దుంపలు తవ్వే రోజులు," అన్నాడు నెవిల్.

"అది కాదు. ఎందుకు రాలేదు?"

నెవిల్ నోరు తెరిచాడు. లోపల ఏమీ లేదు. తవ్వేసిన పొలంలా ఉంది.

గ్లెనిస్ మళ్ళీ అడిగింది, కాస్త గట్టిగా. "చెప్పు. ఎందుకు రాలేదు?"

ఏమీ లేదు. చెవులు కాలిపోతున్నాయి. హాల్లో ఎవరూ దగ్గలేదు. ఎవరూ కదల్లేదు. ఎవరూ అరవలేదు.

ఎవరూ అరవలేదు! అరవకుండానే మాట పోయింది.

చెమటలు పడుతున్న ఆ మనిషికి అప్పుడు తట్టింది. కిందటేడు కూడా ముందు పోయింది మాటే. తమ్ముడు చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడింది, నెవిల్ ఇలాగే నోరు తెరిచినందుకే. డల్సీ లేచింది ఆ తర్వాత. రాన్ గుమ్మంలో కొయ్యలా నిలబడ్డదీ ముందే. పాస్టరు గారు ఆకాశం వంక చూసింది కూడా ముందే. ఆవిడ అరిచేసరికి ఊరు ఆవిణ్ణి చూసి నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపు, ఆవిడ విసిరిన ముక్క పట్టుకుని ప్రతివాడూ గట్టెక్కాడు. గట్టెక్కి, అంతా ఆవిడ పుణ్యమేనని తిట్టిపోశాడు.

అతను మూడో వరుస వైపు చూశాడు. డల్సీ రెండు చేతులతో నోరు నొక్కుకుని ఉంది. ముఖం ఉడికిన బీట్‌రూట్‌లా ఉంది. బూట్లు రెండూ నేల మీద తపతప కొట్టుకుంటున్నాయి. ఒట్టు ఆవిణ్ణి లోపలి నుంచి పొంగిస్తోంది.

నెవిల్ నాలుగు అడుగులు ముందుకు వచ్చి, లేని కిటికీ రెక్క ఒకటి తెరిచాడు.

"ఏమండీ పక్కింటి ఆవిడ గారూ," అన్నాడు. "మీరు అన్నీ చూస్తుంటారుగా. నేనేం చెప్పాలో మీరైనా చెప్పండి."

డల్సీ వేళ్ళ సందులోంచి, "మాట్లాడొచ్చా?" అంది.

నవ్వులకు హాలు కప్పు ఎగిరిపోయింది.

"మాట్లాడండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

డల్సీ లేచి నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఇందాక కప్పు పగిలి ఆ పిల్ల ఏడిస్తే షెడ్డుకు పారిపోయావా లేదా? మామగారు పోయిన రోజూ అదే చేశావు! దుంపలేంటి, నీ మొహం! దేనికి భయపడ్డావో అది చెప్పు దానికి. నాక్కాదు, వెనక్కి తిరిగి దానికి చెప్పు!"

నెవిల్ వెనక్కి తిరిగాడు. మాట వచ్చింది.

"నువ్వు ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలీదు," అన్నాడు. "ఎప్పుడూ తెలీదు. అందుకే చీకటి పడేదాకా తవ్వుతూ కూర్చున్నాను."

"ఏం చెయ్యక్కర్లేదు," అంది గ్లెనిస్. "పక్కన కూర్చుంటే సరిపోయేది."

అతను వెళ్ళి కూర్చున్నాడు. దీపాలు ఆరాయి. చప్పట్లు కాస్త ఆలస్యంగా మొదలయ్యాయి. మగవాళ్ళు చాలామంది జేబు రుమాళ్ళు వెతుక్కుంటున్నారు.

నాటకాలన్నీ అయ్యాక లీల్ గారు స్టేజీ ఎక్కి, అక్కడి ఆచారం ప్రకారం ఒక్కొక్కదాన్నీ అందరి ముందూ ఉతికి ఆరేశాడు. "సగం సగం" వంతు రాగానే కళ్ళద్దాలు తీశాడు.

"ప్రేక్షకుల మధ్య ఒక పక్కింటామెను కూర్చోబెట్టడం, నాయకుడు దిక్కుతోచక ఆమెనే అడగడం గొప్ప సాహసం. ఆ నటి ఎవరో నాకు తెలియదు. మాట్లాడకుండా ఉండడానికి ఆమె పడిన యాతన మాత్రం... అంత సహజమైన అభినయం ఈ దీవిలో నేను చూడలేదు."

"నటి అట," అంది డల్సీ పక్కావిడతో, అందరికీ వినబడేలా. "ఆయనకు కళ్ళజోడు మార్పించాలి."

టీ దగ్గర నెవిల్ ఆవిణ్ణి ఒక మూలకు లాగాడు. "ఆంటీ, నాకు తెలిసిపోయింది. రాన్ మరిచిపోయాకే మీరు అరిచారు. పాస్టరు గారు మరిచిపోయాకే అరిచారు. కిందటేడు నేను కూడా..."

"మెల్లగా!" డల్సీ చుట్టూ చూసింది. రెండడుగుల దూరంలో రాన్ కేకు తింటున్నాడు. "ఎవరు మరిచిపోయారు? ఎవ్వరూ మరిచిపోలేదు. నేను అరిచాను, వాళ్ళు జడుసుకున్నారు. ఊరందరికీ తెలిసిన సంగతే కదా."

"కానీ ఊరంతా మిమ్మల్ని..."

"ఊరు నన్ను అంటే నాకేం పోయింది? ఇంటికెళ్ళి పడుకుంటాను, నిద్ర పడుతుంది. రాన్ ఆరడుగుల మనిషి, వాణ్ణి అంటే పడుకోగలడా?" గుడ్డు సాండ్‌విచ్ ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "తిను. చిక్కిపోయావు. అన్నట్టు, నాటకం బాగా చేశావు గానీ, ఇంటికెళ్ళి నీ పెళ్ళాం పక్కన కూడా కాసేపు కూర్చో."

"ఉండండి ఆంటీ, టీ తెస్తాను. తర్వాత మీ కారుకు పెట్రోలు పోయించి, ఇంటి దగ్గర దింపుతాను."

రెండు కప్పులు పట్టుకుని అతను తిరిగేసరికి రాన్ అడ్డం వచ్చాడు, మీసానికి కొబ్బరి తురుముతో.

"పోన్లే నెవ్, ఈసారి నువ్వు తెలివిగా ఆవిడ నోటినే వాడుకున్నావు. నాకు ఆ ఉపాయం తట్టలేదు. నాకు ప్రతి ముక్కా కంఠతా వచ్చు తెలుసా? ఆవిడ అరవకపోతేనా!"

నెవిల్ అతని వంక చూశాడు. నోటిదాకా వచ్చిన మాట ఒకటి ఉంది. ఈసారి మరిచిపోలేదు, మింగేశాడు.

"నిజమే రాన్," అన్నాడు. "ఆవిడ నోరు అంతే. ఏం చేస్తాం."

కిటికీ బయట సన్నగా తుప్పర మొదలైంది. ఫుట్‌బాల్ మైదానం అడ్డంగా దాటుకుంటూ డల్సీ ఒక్కతే అప్పుడే సగం దూరం పోయింది. ఎవరికీ చెప్పలేదు, వెనక్కి చూడలేదు. అంత దూరం నుంచి కూడా, ఆవిడ చేతులు తిప్పుతూ ఎవరికో ఏదో గట్టిగా చెబుతున్నట్టే కనబడుతోంది.