మార్జిను మనది కాదన్న మాస్టారు

మొగల్తూరు సెంటర్లో కంప్యూటరు షాపు నడిపే టైపు మాస్టారు పోయారు. మొన్న బుధవారం పొద్దున పాలు పోస్తూ పాలమనిషి చెప్పాడు. "మామ్మగారూ, మన టైపు మాస్టారు తెల్లారుజామున నిద్దట్లోనే పోయారంటండి" అన్నాడు. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమేగా ఆయనతో దెబ్బలాడి వచ్చాను! "ఎవడు చెప్పాడ్రా నీకు, వాడి నోరు పడిపోను" అని తిట్టి, పాలగిన్నె గడప మీదే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా సెంటరుకి నడిచాను. షాపు వెనకే వాళ్ళిల్లు. షట్టరు సగం దించి ఉంది. దాని కింద నుంచి లోపల నిలబడ్డ మనుషుల కాళ్ళు కనపడ్డాయి. అప్పుడు నమ్మాను.

నాకు చదువు రాదు. సంతకానికి వేలిముద్రే. ఈ మాటలు నేను చెబుతుంటే మాస్టారి భార్య ఆయన కుర్చీలో కూర్చుని టైపు కొడుతోంది. చదువు రాని ముసలిదానికి కాయితాల మనిషి గురించి ఏం తెలుసని ఎవరైనా అనుకుంటే కాస్త ఆగండి. ఆయన ప్రింటు తీసిన అర్జీల్లో, పెళ్ళికార్డుల్లో చాలావాటిని అందరికంటే ముందు చూసింది నేనే.

అసలు ఆయన దగ్గరికి నేను వెళ్ళింది దారి కోసం. మా పేటకీ, మా సమాధుల తోటకీ మధ్య ఒక పుంత ఉండేది. ఎడ్లబండి పట్టేంత దారి. అటూ ఇటూ చేలు రొయ్యల చెరువులయ్యాక గట్లు లావెక్కాయి, పుంత చిక్కిపోయింది. ఆఖరికి ఒక్క మనిషి నడిచే గట్టు మిగిలింది. మా ఆయన పోయినప్పుడు ఆ గట్టు మీద శవపెట్టె మోయడానికి చోటు చాలక ఇద్దరు మొలలోతు చెరువు నీళ్ళలోకి దిగారు. పెట్టె ఒరిగింది. లోపల మనిషి ఒక పక్కకి జారిన చప్పుడు నాకు వినపడింది. ఆ చప్పుడు విన్నాక ఊరుకుంటే నేను మనిషినే కాదు.

తోటలో మట్టి వేసి వచ్చిన వారానికే మాస్టారి ముందు కూర్చున్నాను. దారి గురించి చెప్పాను. పనిలో పని, నీళ్ళు రాని కుళాయి గురించి, మా మరిది అన్న మాటల గురించి, ఎరువుల కొట్టువాడి పొగరు గురించి కూడా చెప్పాను. ఆయన ఒక్క ముక్క వదలకుండా కొట్టి, ప్రింటు తీసి, ఆ కాయితాలు గోడకి అంటించి, నన్ను గుమ్మం దగ్గర నిలబడమన్నారు.

"అక్కగారూ, మీ కన్ను ముందు ఎక్కడికెళ్ళిందండి?"

"ఎక్కడికీ వెళ్ళలేదు. బెల్లం ముక్కకి చీమలు పట్టినట్టుంది."

"ఆఫీసరుగారి కన్నూ అంతేనండి. మీకు దారి కావాలా, మరిదిగారి మీద కోపం తీరాలా?"

"రెండూ కావాలి."

"ఒక కాయితం ఒక్కటే అడగగలదండి. మరిదిగార్ని ఇంకో రోజు చూద్దాం."

మూడు కాయితాలు ఒక్కటయ్యాయి. పైన ఏం కావాలో ఒకే ఒక్క లైను, లావుపాటి అక్షరాలతో. కింద చిన్న చిన్న పేరాలు, పేరాకీ పేరాకీ మధ్య ఊపిరి తీసుకునేంత చోటు. మళ్ళీ గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఈసారి నా కన్ను తిన్నగా ఆ లావు లైను మీదికే పోయింది. చెప్పాను. ఆయన తొడ మీద చరుచుకున్నారు. "చదువుకున్నోళ్ళకి చూపిస్తే అక్షరాల్లో పడిపోతారండి, కాయితాన్ని చూడరు. మీరు కాయితాన్ని చూస్తున్నారు" అన్నారు.

ఆ రోజు నుంచి సెంటరుకి వెళ్ళినప్పుడల్లా ఆయన నన్ను గుమ్మంలో నిలబెట్టేవారు. అమ్మాయి ఓణీల కార్డు, సొసైటీ నోటీసు, ఏదైనా సరే. నా కన్ను తడబడితే కాయితం మళ్ళీ మొదటికి. పని చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు గొణిగేవారు. "చదువు రానావిడకి చూపించేదేంటండీ?" అని ఒకాయన మొహం మీదే అన్నాడు. "ఆవిడకి అర్థమైతే అందరికీ అర్థమైనట్టేనండి" అన్నారు మాస్టారు, తల ఎత్తకుండా.

ఆయనకి కొన్ని పట్టింపులుండేవి. అన్నీ లావు చేయమని ఎవరైనా అడిగితే, "అందరూ పంక్తిలో కూర్చుంటే వడ్డించేదెవరండి?" అనేవారు. కాయితం వృథా అవుతోంది, అంచుదాకా కొట్టమంటే ఒప్పుకునేవారు కాదు. "మార్జిను మనది కాదండి, ఆఫీసరుది. ఆయన రాసే చోటు కూడా మనమే తినేస్తే ఆయన మనకోసం ఎక్కడ రాస్తాడు?" ఆ మాట ఎంత నిజమో తర్వాత నా అర్జీ మీదే చూశాను. పక్కన వదిలిన తెల్లటి చోటులోనే ఆఫీసరు ఆకుపచ్చ సిరాతో రెండు లైన్లు రాశాడు.

ఇంకోటి. పేరు నడిమధ్యకి జరపడానికి పొడుగు మీటని అదేపనిగా కొట్టడం, కొత్త పేజీ రావడానికి ఎంటరు మీద ఎంటరు కొట్టడం ఆయనకి గిట్టేది కాదు. "తోసుకుంటూ తీసుకెళ్ళిన మాట, మధ్యలో ఒక్క ముక్క చేరిస్తే మళ్ళీ జారిపోద్దండి. మధ్యన పెట్టమని దానికే చెప్పాలి" అనేవారు. నాకు తెర మీద ఏముందో తెలియదు కానీ, ఒకే మీట టక టక టకా మోగితే మాత్రం తెలిసిపోయేది. ఆయన భార్య కూడా మొదట్లో అలాగే కొట్టేది. గుమ్మం పక్క బల్ల మీద కూర్చునే నేను కసిరేదాన్ని. ఇప్పుడు ఈ మాట కొడుతూ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతోంది.

ఆదివారాలు చర్చిలో గోడ మీద పాటలు వేసేది కూడా ఆయనే. నీలం మీద పసుపు అక్షరాలు, మూలన గులాబీలు, ఎగిరొచ్చే పావురాలు కావాలని కుర్రకారు పట్టుబట్టేవారు. ఆయన తెల్లటి దాని మీద నల్లటి అక్షరాలు, తెరకి నాలుగే లైన్లు వేసేవారు. "పావురాన్ని చూస్తారా, పాట పాడతారా?" అని అడిగేవారు.

అంతటి మనిషీ ఒకసారి తప్పు చేశారు. అదీ నా పనిలోనే. అర్జీ మీద ఆకుపచ్చ సిరా పడ్డాక, రెండు వైపులవాళ్ళనీ పెద్దాఫీసుకి రమ్మన్నారు. ఫొటోలుంటే తెర మీద చూపించుకోవచ్చన్నారు. మాస్టారు నాలుగంటే నాలుగు స్లైడులు చేశారు. గట్టు ఫొటో, పాత పుంత పటం, తోట ఫొటో, చివర మేం అడిగే ఒక్క లైను. పెన్‌డ్రైవులో వేసుకుని, నన్ను బస్సెక్కించి, తనే వెంట వచ్చారు.

అక్కడ తెర మీద మా స్లైడు పడగానే ఆయన మొహం పాలిపోయింది. ఆయన వాడే తెలుగు అక్షరాలు ఆ కంప్యూటర్లో లేవట. మా మాటలన్నీ కొక్కేలు, సున్నాలు, ఇంగ్లీషు ముక్కలు అయిపోయాయట. చెరువుల వైపు మనుషులు కిసుక్కుమన్నారు. మాస్టారు మౌసు పట్టుకుని, "క్షమించండక్కగారూ, అక్షరాలు చెదరకుండా పీడీఎఫ్ చేసి తేవాల్సింది" అంటున్నారు.

నాకేమీ తేడా తెలియలేదు. నాకు అన్ని అక్షరాలూ ఎప్పుడూ అలాగే ఉంటాయి. ఫొటో మాత్రం నిక్షేపంగా ఉంది. పెద్దాఫీసరుకి ఎదురుగా లేచి నిలబడ్డాను. "అయ్యా, ఆ రాతలొదిలేయండి. ఆ గట్టు చూడండి. మీ నాన్నగార్ని దాని మీద మోసుకెళ్ళండి చూద్దాం" అన్నాను. పెట్టె ఒరిగిన సంగతి చెప్పాను. లోపల చప్పుడు సంగతీ చెప్పాను. అందులో రాతలు కూడా సరిగ్గా ఉండి ఉంటే ఆ ఆఫీసరు అవి చదువుకుంటూ కూర్చునేవాడు, నా మాట వినేవాడు కాదు. మాస్టారితో బస్సులో అదే అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "తప్పు తప్పేనండి. ఇల్లు దాటే కాయితాన్ని పీడీఎఫ్ చేయకుండా పంపకూడదు" అని దిగేదాకా తనని తాను తిట్టుకున్నారు. ఆ తర్వాత ఎన్నడూ మరవలేదు.

సర్వేవాళ్ళు వచ్చి గొలుసు వేసి కొలిచారు. పాత పటంలో ఉన్నంత వెడల్పూ తేల్చి రాళ్ళు పాతారు. గట్టు వెనక్కి జరపాల్సొచ్చిన చెరువాయన ఏడాది నుంచి నాకు ఎదురుపడితే మొహం తిప్పుకునేవాడు. తిప్పుకోనీ.

మంగళవారం సాయంత్రం దెబ్బలాటంటారా? ఒక పెళ్ళికార్డు గురించి. పెళ్ళికూతురి పేరు కన్నా మేనమామల పేర్లు లావుగా ఉన్నాయన్నాను. "వాళ్ళు అలాగే కావాలంటున్నారండి, నన్నేం చేయమంటారు?" అన్నారు. "మీరు మెత్తబడిపోయారు మాస్టారూ" అని లేచొచ్చేశాను. ఆ కార్డు ఇవాళ ఆయన భార్య నాకు చూపించింది. నేను వెళ్ళాక మేనమామల్ని చిన్నక్షరాల్లోకి దింపేశారు.

బుధవారం మధ్యాహ్నం ఆయన్ని తోటకి తీసుకెళ్ళాం. రాళ్ళు పాతాక ఆ పుంత మీద వెళ్ళిన మొదటి పెట్టె ఆయనదే. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు భుజం కలిపి మోశారు. నేను పక్కనే నడిచాను, పెట్టె మీద చెయ్యి వేసి. ఎక్కడా ఒరగలేదు. రెండు వైపులా చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ రొదపెడుతున్నాయి, మా పాట మాకే వినపడటం లేదు. సగం దారిలో ఉండగా ఆ చెరువాయన మోటారు కొట్టంలోంచి బయటికొచ్చాడు. మమ్మల్ని చూసి, మళ్ళీ లోపలికెళ్ళాడు. ఒక్కటొక్కటిగా ఏరేటర్లు ఆగిపోయాయి. ఎండలో ఆ గాలి ఆగితే రొయ్యకి ప్రాణం మీదికొస్తుందని మాకంటే ఆయనకే బాగా తెలుసు. మేం తోట గేటు దాటేదాకా మీట వేయలేదు. నురగ మెల్లగా అంచులకి పోయింది, నీళ్ళు తేటపడ్డాయి. ఆ నీళ్ళలో ఆకాశం, పెట్టె, దాని పక్కన వరసగా నడుస్తున్న మేమందరం.